పోస్టేజి ప్రత్యేకము: ఇంటర్నెట్టు వేలములలో తపాలా ఖర్చు అధికముగా లాగుచున్నారా?

పాత తెలుగు పత్రికలలో పుస్తకముల ప్రకటనలను, మందుల ప్రకటనలను, విత్తనముల ప్రకటనలను చూచినవారికి “పోస్టేజి ప్రత్యేకము” అను మాటలు బాగుగా తెలిసియుండును. వెలను పెద్ద అక్షరములతోను, ఈ మాటలను చిన్న అక్షరములతోను అచ్చువేసెడివారు. మన దేశములో వి.పి. పద్ధతి 1877లో ఏర్పడినది. అప్పటినుండి మారుమూల గ్రామమునకు సైతము వస్తువు ఇంటికి నడచి వచ్చుచుండెను. పోస్టుజవానునకు పైకము చెల్లించి కట్ట విప్పుకొనుటయే మన పని. ఐతే చెల్లించిన పైకము ప్రకటనలోని వెలకంటె ఎప్పుడును కొంత హెచ్చుగనే యుండెడిది. ఆ హెచ్చులో తపాలా శాఖకు చేరినదెంత, అట్టపెట్టెకును దారమునకును అయినదెంత, వర్తకుని జేబులో నిలిచినదెంత యని విడదీసి యడిగిన రైతు అరుదు.

ఆ ప్రశ్ననే నేడు అమెరికాలోను ఇంగ్లండులోను ఇంటర్నెట్టు వేలములలో కొనువారు గట్టిగా అడుగుచున్నారు. ముప్పది సంవత్సరములనుండి ఈ తగవు నడచుచునే యున్నది. మన పత్రికకు దీనితో నేమి పని యని కొందరు సభ్యులు తలంపవచ్చును. మన సభ్యుల బిడ్డలు పలువురు ఆ దేశములలో కాపురముండి అక్కడి వేలములలో కొనుచు అమ్ముచు నున్నారు. ఇది యొక కారణము. అంతకంటె దగ్గరి కారణము మరియొకటి కలదు. బెల్లము, పసుపుపొడి, మామిడిపండ్లు పార్సెలు చేసి పట్టణములకు పంపు రైతులు ఇప్పుడు ఏటేట పెరుగుచున్నారు. “వెల యెంత వేయవలెను, పోస్టేజి యెంత వేయవలెను?” అని వారు నన్ను అడుగుచుందురు. ఈబే వేలముల చరిత్రలో ఈ ప్రశ్నకు సంబంధించిన పాఠములు కావలసినన్ని కలవు. అందుచేత దానినే యెత్తుకొనుచున్నాను.

ఈబే యను సంస్థను 1995 సెప్టెంబరులో పియెర్ ఒమిడ్యార్ అనునతడు కాలిఫోర్నియాలో ప్రారంభించెను. మొదట దాని పేరు ఆక్షన్‌వెబ్. ఈబే యను పేరు 1997లో వచ్చినది. 2004లో ఈ సంస్థవారు మన దేశపు బాజీ.కామ్‌ను కొని ఇచ్చటను వ్యాపారము సాగించిరి గాని, దేశములోపలి ఆ అంగడి 2018 ఆగస్టులో మూతబడినది. ఇప్పుడు మనవారు ఈబే మూలమున విదేశములకు అమ్ముచున్నారు.

అక్కడి వేలము మన దేవాలయపు మాన్యముల వేలమువంటిదే. కాని పాటదారులు ఒకరినొకరు చూడరు. అమ్మదలచినవాడు వస్తువు ఛాయాచిత్రమును, వర్ణనను, మొదటి పాట మొత్తమును ప్రకటించును. గడువు సాధారణముగా ఒక వారము. గడువు ముగియునప్పటికి ఎవరి పాట హెచ్చుగా నున్నదో వారికి వస్తువు చెందును. తరువాత వస్తువును తపాలాలో పంపవలెను గదా. ఆ ఖర్చును అమ్మకందారు పాట మొత్తముపైన వేరుగా వేసికొనును. ఆ ఖర్చెంతయో నిర్ణయించువాడును అతడే. మూడు డాలర్లకు పాడిన వస్తువునకు పండ్రెండు డాలర్ల పోస్టేజి చెల్లించి, కట్టపై నున్న తపాలా ముద్రలో నాలుగు డాలర్లు మాత్రమే యున్నట్లు చూచిన కొనుగోలుదారు మండిపడుట సహజము. “మిగిలిన ఎనిమిది డాలర్లు ఎచటికి పోయినవి?” అనునదే అతని ప్రశ్న.

ఆ ఎనిమిది డాలర్లు ఎచటికి పోయినవో తెలియవలెనన్న, సంస్థవారు రుసుము వసూలు చేసిన తీరును మొదట తెలిసికొనవలెను. 2011 వరకు అమెరికాలో ఈబే వారు తమ కమీషనును పాట మొత్తముపై మాత్రమే కట్టుచుండిరి. పోస్టేజిపై కమీషను లేదు. లెక్క తేలికగా నుండుటకు కమీషను నూటికి పది యనుకొందము. ఒకడు దీపమును 20 డాలర్లకు అమ్మి, నిజమైన ఖర్చు 5 డాలర్లు పోస్టేజిగా వేసెననుడు. కొనువాడు ఇచ్చునది 25. కమీషను 2 పోను, తపాలా 5 పోను, వానికి మిగులునది 18. ఇంకొకడు అదే దీపమును 10 డాలర్లకే యిచ్చి, పోస్టేజి 15 అని వేసెను. కొనువాడు ఇచ్చునది మరల 25 డాలర్లే. కాని కమీషను ఒక్క డాలరే. వానికి మిగులునది 19. నిజాయితీపరునికంటె వీనికి ఒక డాలరు లాభము. ఆ డాలరు పోయినది సంస్థకు గాని కొనుగోలుదారునకు గాదే యని ఎవరైనను అనవచ్చును.

అట్లనుకొనరాదు. వస్తువు పగిలినదనియో, వర్ణనకు భిన్నముగా నున్నదనియో త్రిప్పి పంపవలసి వచ్చినప్పుడు దాని ఫలము తెలియును. “వెలను వాపసు ఇత్తుము, పోస్టేజిని వాపసు ఇయ్యము” అను షరతును ఆ కాలమున అనేకులు వ్రాసికొనెడివారు. మొదటివాని యొద్ద కొన్నవానికి 20 డాలర్లు చేతికి వచ్చును. రెండవవాని యొద్ద కొన్నవానికి 10 మాత్రమే. ఇరువురును చెల్లించినది ఒకే మొత్తము. కావున అధిక పోస్టేజి వలని నష్టము కొనుగోలుదారునకు ఆ పూట కనబడదు. తగవు వచ్చిననాడు కనబడును.

ఇక ఆ రెండవ అమ్మకందారునకు లభించు లాభము కమీషనులో మిగిలిన ఆ ఒక్క డాలరుతోనే సరిపోవునా? సరిపోదు. దీనిని పరీక్షించి చూచినవారు కలరు. తంజిమ్ హొసేన్, జాన్ మోర్గన్ అను ఇద్దరు ఆర్థికశాస్త్ర పండితులు తామే అమ్మకందారులై ఈబేలో 80 వేలములు జరిపి, ఫలితములను 2006లో ప్రకటించిరి. మన ప్రదర్శన క్షేత్రములలో ఒకే విత్తనమును రెండు మళ్లలో చల్లి, ఒక మడికి ఒక ఎరువును, రెండవదానికి మరియొక ఎరువును వేసి చూచినట్లే వారును చేసిరి. ఒకే పాటల పళ్లెమును, ఒకే ఆటల పళ్లెమును వేరువేరు షరతులతో అమ్మిరి. ఒకసారి మొదటి పాట 4 డాలర్లు, పోస్టేజి ఏమియు లేదు. ఇంకొకసారి మొదటి పాట ఒక సెంటు, పోస్టేజి 3 డాలర్ల 99 సెంట్లు. రెండింటను కొనువాడు కనీసము చెల్లించవలసినది 4 డాలర్లే. బుద్ధిగా లెక్క వేయువాడైనచో రెండింటను ఒకే మొత్తమునకు పాడవలెను. కాని ఒక సెంటుతో మొదలయిన వేలమునకే పాటదారులు హెచ్చుగా వచ్చిరి. పోస్టేజితో కలిపి చూచినను అమ్మకందారునకు హెచ్చు మొత్తము వచ్చినది.

అనగా జనులు పాటను చూచినంత శ్రద్ధగా పోస్టేజిని చూడరు. తక్కువ పాటను చూచి మోజుపడి దిగుదురు. దిగినపిదప పంతము వచ్చును. పంతమును గూర్చి పశువుల సంతలో బేరమాడిన మన రైతులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఐతే ఆ పండితులే మరియొక సంగతిని గనిరి. మొదటి పాటను 6 డాలర్లుగాను పోస్టేజిని 2 డాలర్లుగాను ఒకమారు, మొదటి పాటను 2 డాలర్లుగాను పోస్టేజిని 6 డాలర్లుగాను ఇంకొకమారు పెట్టి చూచిరి. చవుకయైన పాటల పళ్లెమునకు ఆరు డాలర్ల పోస్టేజి వేసినప్పుడు ఆ యుపాయము ఫలింపలేదు. వస్తువు విలువతో పోల్చగా పోస్టేజి మరీ హెచ్చైనప్పుడు జనులు కన్ను తెరతురన్న మాట. మోర్గన్, హొసేన్‌లు జెన్నిఫర్ బ్రౌన్ అను ఆమెతో కలిసి ఐపాడ్ అను పాటల యంత్రములతో తైవానులోను, ఐర్లండులోను చేసిన పరీక్షలు 2010లో వెలువడినవి. పోస్టేజిని మరుగుపరచినచోట దానిని హెచ్చించుట అమ్మకందారునకు లాభకరమనియు, పోస్టేజి తక్కువగా నున్నప్పుడు దానిని బాహాటముగా ప్రకటించుటయే లాభమనియు అందు తేలినది. మరుగు ఎంతయుండునో వంచన అంత పెరుగునని నా తాత్పర్యము.

ఇంతవరకు కొనుగోలుదారు పక్షమున చెప్పితిని. అమ్మకందారు మాట వినకుండ తీర్పు చెప్పుట న్యాయము కాదు; అతని పక్షమున చెప్పవలసినది చాల కలదు.

తపాలా బిళ్ల మాత్రమే ఖర్చు కాదు. పింగాణీ కప్పును పంపవలెనన్న గట్టి అట్టపెట్టె కావలెను. లోపల మెత్తని కాగితమో, గాలిబుడగల సంచియో కావలెను. అంటించు పట్టీ కావలెను. ఇవి చెట్లకు కాయవు. పెట్టె సైజుకు మించినచో కోయవలెను, చిన్నదైనచో రెండు అతుకవలెను. తరువాత తపాలా కచేరికి పోయి వరుసలో నిలువవలెను. ఒక్క కట్టకు అరగంట యనుకొన్నను, దినమునకు పది కట్టలు పంపువానికి అది పూర్తిగా ఒక మనిషి పని. మామిడిపండ్లను ఎండుగడ్డి పరచి బుట్టలలో పేర్చి కుట్టు కూలివానికి మనము కూలి ఇచ్చుచున్నాము గదా. ఇంగ్లీషువారు దీనినే “హ్యాండ్లింగు” అనుచున్నారు. న్యాయమైన హ్యాండ్లింగు ఖర్చును అడుగుట తప్పు కాదని నా నిశ్చితాభిప్రాయము. కట్టపైనున్న ముద్రలోని మొత్తమును చూచి “ఇంతే గదా ఖర్చు” అని అమ్మకందారును దొంగయనుట తొందరపాటు.

తపాలా రేట్లును సామాన్యునికి అంతుపట్టవు. ఇంగ్లండులో 2006 ఆగస్టు వరకు ఉత్తరములకును కట్టలకును తూకమునుబట్టియే కూలి. ఆ నెలనుండి రాయల్ మెయిల్ వారు తూకముతోపాటు సైజునుగూడ లెక్కలోనికి తెచ్చిరి. పెద్ద ఉత్తరమనిపించుకొనుటకు మందము 25 మిల్లీమీటర్లు మించరాదు. 24 మిల్లీమీటర్ల కట్ట ఉత్తరముగా పోవును. దానికి ఇంకొక అట్టముక్కను భద్రముకొరకు చేర్చి 26 మిల్లీమీటర్లు చేసినచో అది పార్సెలగును, కూలి ఒక్కసారిగా పెరుగును. వస్తువు అదే, తూకమును దాదాపు అదే. అమ్మకందారు ముందుగా వేలములో ప్రకటించిన పోస్టేజి ఉత్తరపు రేటైనచో, ఆ అట్టముక్క వలని నష్టము వానిదే. అందుచేత జాగ్రత్తపరుడు కొంత హెచ్చుగనే ప్రకటించుకొనును. దానిని దురాశ యనవలెనో, ముందుచూపనవలెనో ఒక్కొక్క సందర్భమునుబట్టి చెప్పవలసినదే.

ఇంగ్లండులో రాయల్ మెయిల్ వారి కూలికి దూరముతో నిమిత్తము లేదు; 1840లో పెన్నీ తపాలా వచ్చినప్పటినుండి ఈ సమరేటు పద్ధతి అక్కడ పాతుకొనిపోయినది. అమెరికాలో అట్లు కాదు. పార్సెళ్లకు దూరమునుబట్టి మండలములుగా విభజించి కూలి కట్టుదురు. న్యూయార్కునుండి పక్క పట్టణమునకు పోవు పెట్టెకును, కాలిఫోర్నియాకు పోవు పెట్టెకును కూలి వేరు. వేలము జరుగునప్పుడు గెలుచువాడు ఎచటివాడో అమ్మకందారు ఎరుగడు. కొనువాని ఊరి పిన్‌కోడును చూచి యంత్రమే కూలి కట్టు పద్ధతి కలదు; అది ఉత్తమము. కాని అందరకును ఒకే మొత్తమని ప్రకటించువాడు సరాసరి కట్టుకొనును. దగ్గరివాడు ఎక్కువ చెల్లించును, దూరపువాడు తక్కువ చెల్లించును. మన సంఘము లారీకూలిని బస్తాకు ఇంతయని అందరిమీద సమముగా వేసినప్పుడు రోడ్డుప్రక్క పొలము కలవాడు గొణగుట లేదా? ఇదియును అట్టిదే.

పుస్తకముల సంగతి మాత్రము వేరు. 1938లో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు పుస్తకములకు తపాలా కూలిని పౌనునకు ఒకటిన్నర సెంటుగా తగ్గించెను. ఆ ఉదార విధానపు సంతతియే నేటి మీడియా మెయిల్. దీనిలో దూరముతో పని లేదు. మన తపాలా శాఖవారును 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అను పేర పుస్తకములకు తక్కువ రేటు నేర్పరచిరి. 300 గ్రాములవరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు. ప్రభుత్వము ఇంత చవుక చేసినపిదపగూడ చిన్న పుస్తకమునకు పెద్ద పార్సెలు కూలి అడుగువానిని అనుమానించుటకు హక్కు గలదు. అట్లే ఒకే అమ్మకందారు యొద్ద మూడు విత్తనపు పొట్లములను కొన్నవాని యొద్ద మూడు పోస్టేజిలు గుంజి, మూడు పొట్లములను ఒకే కవరులో పెట్టి పంపువానిని సమర్థించుటకు నాకు ఒక్క మాటయు దొరకదు. నిజాయితీగల అమ్మకందారులు కలిపి పంపినప్పుడు పోస్టేజి తగ్గింతురు. ఆ సంగతిని ముందుగనే వ్రాయుదురు.

మరియొక చిత్రము వినుడు. అమెరికాలోని అమ్మకందారు పక్క రాష్ట్రమునకు పంపు చిన్న కట్టకు చెల్లించు కూలికంటె, చైనానుండి అమెరికాకు వచ్చు కట్టకు కూలి తక్కువగా నుండెడి కాలము జరిగినది. ప్రపంచ తపాలా సంఘము 1874లో బెర్న్ నగరమున ఏర్పడినది. ఒక దేశపు తపాలాను ఇంకొక దేశము పంచిపెట్టినందుకు ఇచ్చుకొను ప్రతిఫలమును ఆ సంఘమే నిర్ణయించును. పేద దేశములకు ఆ ప్రతిఫలమును తక్కువగా పెట్టిరి. చైనాయు చాలకాలము ఆ తక్కువ రేట్లను అనుభవించెను. తత్ఫలముగా రెండు డాలర్ల వస్తువును “పోస్టేజి ఉచితము” అని చైనావర్తకుడు పంపగలిగెను. అమెరికాలోని చిల్లర అమ్మకందారు పంపలేకపోయెను. చూచువారికి అమెరికావాడు దోపిడిగాడుగను, చైనావాడు ధర్మాత్ముడుగను కనబడిరి. నిజమునకు ఇద్దరి మధ్య భేదము అంతర్జాతీయపు ఒడంబడికలో నున్నది. 2018లో అమెరికా ఆ సంఘమును విడిచిపోదునని నోటీసు ఇచ్చెను; 2019 సెప్టెంబరులో జెనీవాలో ప్రత్యేక మహాసభ కూడి రాజీ కుదిర్చినది; 2020 జూలైనుండి అమెరికా తన రేట్లను తానే నిర్ణయించుకొన మొదలిడెను.

ఆ 2020 సంవత్సరముననే అమెరికాలోని అన్ని రాష్ట్రములలోను జనులకు తాము కోరని విత్తనపు పొట్లములు తపాలాలో వచ్చినవి. వానిలో చాలవానిపై చైనా ముద్రలు కలవు. అమ్మకములు జరిగినట్లు దొంగలెక్కలు చూపించి మంచి పేరు సంపాదించుటకు వర్తకులు పంపియుందురని ఆ దేశపు వ్యవసాయశాఖవారు అనుమానించి, ఆ విత్తనములను నాటవద్దని హెచ్చరించిరి. ప్రస్తుత విషయమునకు ఇది పక్కదారియే. కాని తెలియని విత్తనము ఉచితముగా వచ్చినను పొలములో చల్లరాదని మన సభ్యులకు చెప్పుటకు ఏ అవకాశమునైనను విడువలేని ఉద్యోగము నాది.

సంస్థవారు చేసిన చికిత్సలను ఇప్పుడు చూతము. 2007లో వారు కొనుగోలుదారులచేత అమ్మకందారునకు నక్షత్రములు వేయించు పద్ధతిని తెచ్చిరి. వర్ణన సరిగా నున్నదా, ప్రత్యుత్తరములు సరిగా నిచ్చెనా, త్వరగా పంపెనా, పోస్టేజి న్యాయముగా నున్నదా యని నాలుగు అంశములు. ఒక్కొక్కదానికి ఒకటినుండి అయిదు నక్షత్రములు. పోస్టేజినిగూర్చి ప్రత్యేకముగా అడుగుటయే ఫిర్యాదు ఎంత ముదిరినదో తెలుపుచున్నది. 2008లో పుస్తకములు, పాటల పళ్లెములు మున్నగు కొన్ని తరగతులకు పోస్టేజి ఇంత మించరాదని హద్దు పెట్టిరి. అసలైన దెబ్బ 2011 జూలైలో తగిలినది. అప్పటినుండి అమెరికాలో కమీషనును పాట, పోస్టేజి రెండును కలిపిన మొత్తముపై కట్టుచున్నారు. పైన చెప్పిన దీపపు ఉదాహరణలో ఇద్దరికిని కమీషను ఇప్పుడు 25 డాలర్లపైననే. వెలను తగ్గించి పోస్టేజిని పెంచినవానికి దమ్మిడీ లాభము లేదు.

ఈ మార్పును నేను మెచ్చుకొందును. కాని దీనివలన నిజాయితీపరుని నెత్తిన పడిన బరువునుగూడ చూడవలెను. ఇటీవల అక్కడ పెక్కు తరగతులలో కమీషను సుమారు నూటికి 13 వంతున నున్నది. తపాలా శాఖకు సరిగా 10 డాలర్లు చెల్లించువాడు 10 డాలర్లే పోస్టేజిగా వేసినచో, అందులో ఒక డాలరు 30 సెంట్లు సంస్థ తీసికొనును, అతడు నష్టపడును. నష్టము లేకుండవలెనన్న సుమారు 11 డాలర్ల 50 సెంట్లు వేయవలెను. పెట్టెయు పట్టీయు అందులో చేరలేదు; అవి కలిపినచో 13 డాలర్లగును. కట్టపై 10 డాలర్ల ముద్రను చూచి “మూడు డాలర్లు తినివేసినాడు” అని నక్షత్రములు తగ్గించు కొనుగోలుదారు ఈ లెక్కను ఎరుగడు. మరియొక ప్రక్క, తపాలా కూలిని ఇంటర్నెట్టులో చెల్లించు అమ్మకందారునకు కచేరి కిటికీ రేటుకంటె తగ్గింపు దొరకును. కిటికీ రేటును వసూలు చేసి, తగ్గింపు రేటును చెల్లించి, మధ్యనున్న భేదముతో పెట్టెల ఖర్చును పూడ్చుకొనువారు పలువురు. ఆ భేదము పెట్టెల ఖర్చుకు సరిపోయినంతవరకు నేను దానిని తప్పుపట్టను.

“పోస్టేజి ఉచితము” అను ప్రకటనను ఈబే వారు చాల ప్రోత్సహించిరి. అట్టివారికి పోస్టేజి నక్షత్రములు అయిదును అడుగకయే పడునట్లు ఏర్పాటు చేసిరి. తపాలా శాఖ ఎవరికిని ఉచితముగా మోయదని మనకందరకు తెలియును. స్థిరమైన వెలకు అమ్మువాడు కూలిని వెలలో కలుపుకొనును. అది సులభము, కొనువానికిని ఒకే మొత్తము కనబడును. వేలములో మాత్రము అది కత్తిమీద సాము. ఒక డాలరుతో మొదలిడిన పాట రెండు డాలర్ల యొద్దనే ఆగిపోయినచో, ఆరు డాలర్ల పోస్టేజిని అమ్మకందారు తన చేతినుండి పెట్టుకొనవలసివచ్చును. మొదటి పాటను హెచ్చుగా పెట్టినచో పాటదారులు రారు. అందుచేత వేలములో పోస్టేజిని వేరుగా వేయుటయే ధర్మమని, స్థిరమైన వెలకు అమ్మునప్పుడు కలుపుటయే మేలని నాకు తోచుచున్నది.

చట్టము సంగతి. ఇంగ్లండులో 2014 జూన్‌నుండి అమలులో నున్న నిబంధనల ప్రకారము, వర్తకుని యొద్ద దూరమునుండి కొన్నవాడు వస్తువు చేరిన 14 దినములలోపల వద్దనుకొనవచ్చును. అప్పుడు వెలతోపాటు మామూలు పోస్టేజినిగూడ వర్తకుడు వాపసు ఇయ్యవలెను. ఇంటర్నెట్టు వేలములో వర్తకుని యొద్ద కొన్నదానికిని ఇది వర్తించును. తన ఇంటి పాతసామాను నమ్ముకొను గృహస్థునకు వర్తింపదు. ఈబే వారి స్వంత హామీ ప్రకారము వస్తువు వర్ణనకు భిన్నమైనచో మొదటి పోస్టేజియు తిరిగివచ్చును. పోస్టేజిని ఉబ్బించి వాపసులో ఎగవేయు పాత యెత్తు దీనితో చాలవరకు చచ్చినది.

కాబట్టి అమ్మకందారులు అధికముగా లాగుచున్నారా యన్న ప్రశ్నకు నా సమాధానము ఇది. 2011కు పూర్వము చాలమంది లాగిరి. వారికి అట్లు చేయుటకు రుసుముల పద్ధతియే దారి చూపెను. ఇప్పుడు లాగువారు కొందరే. మిగిలినవారిలో పలువురు తమ పెట్టెల ఖర్చునైన పూర్తిగా రాబట్టుకొనలేకయున్నారు. పోస్టేజిని పాటప్రక్కనే స్పష్టముగా వేసినవాడు ఎంత వేసినను వానిని మోసగాడని నేననను. అది బేరము, ఇష్టములేనివాడు పాడకుండును. పోస్టేజిని మరుగున నుంచి పాట ముగిసినపిదప చెప్పువాడు రెండు డాలర్లే హెచ్చు వేసినను మోసగాడే.

ఈ భేదము మనకు క్రొత్తది కాదు. 1928లో రాయల్ వ్యవసాయ కమిషనువారు తమ నివేదికలో మన సంతలలో రైతుపైబడు నానావిధములైన కోతలనుగూర్చి వ్రాసి, క్రమబద్ధమైన మార్కెట్లు కావలెనని సిఫారసు చేసిరి. దలాలి, హమాలి, కాటాకూలి, తరుగు, మచ్చు, ధర్మాదాయము — వీనిలో ఒక్కొక్కటి చిన్నదే, కొన్ని న్యాయమైనవే. ధర కుదిరినపిదప ఒక్కొక్కటిగా బయటికి వచ్చుటయే రైతును ముంచెను. 1933లో మదరాసు వాణిజ్యపు పంటల మార్కెట్ల చట్టము వచ్చినది. కోతలు ఎవ్వియో, ఎంతయో ముందుగా వ్రాతమూలముగా నుండవలెనను భావము అప్పటినుండి మన ప్రాంతమున నాటుకొన్నది. ఈబే వారు పోస్టేజి విషయమున చేరినదియు ఆ భావమునకే.

ఇక పార్సెలులో బెల్లము, పసుపు పంపదలచిన మన సభ్యులకు రెండు మాటలు. వెల కట్టుటకు ముందే ఒక పెట్టెను పూర్తిగా కట్టి, అంటించి, తూచుడు. కిలో బెల్లమునకు పెట్టెయు, లోపలి కవరును, పట్టీయు చేరగా తూకము కిలోకు మించును; అప్పుడు తపాలా రేటు పై మెట్టునకు పోవచ్చును. ఎనిమిదివందల గ్రాముల దిమ్మెలుగా పోసినచో పెట్టెతో కలిసి కిలోలోపల నుండునేమో చూడుడు. ఒకే చిరునామాకు రెండు కిలోలు పోవునప్పుడు కూలి రెండింతలు కాదు. ఆ తగ్గింపును కొనువానికి ఇండు, వాడు మరల వ్రాయును. తూకములో వస్తువు నికర తూకమును మాత్రమే వ్రాయుడు; పెట్టెను బెల్లముతో కలిపి తూచి అమ్మరాదు. వెలను, పోస్టేజిని, రెండును కలిపిన మొత్తమును ఒకే వరుసలో ఒకే సైజు అక్షరములతో వేయుడు. వస్తువు చెడి తిరిగివచ్చినచో పోస్టేజి ఎవరు భరింతురో ఆ వరుస క్రిందనే వ్రాయుడు. పెట్టెలను చిల్లరగా కొన్నచో ఖరీదు హెచ్చగును. ఒక గ్రామములో అయిదారుగురు పంపువారున్నచో సంఘము పేర ఒకే సైజు పెట్టెలను మొత్తముగా తెప్పించుకొని పంచుకొనుడు. తపాలా కచేరికి ఒక్కరే వంతులవారీగా పోయినచో అందరి దినకూలియు మిగులును.